క్యానిస్టరా, సంపా? కడపలో మొదటి ఉప్పునీటి ట్యాంకుకు నా సలహా

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. కడపలో మొదటి అంతస్తు ఇల్లు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు చేయిస్తున్నావు. అందులో ఒక జత క్లౌన్ చేపలు, తర్వాత ఇంకో రెండు మూడు చిన్నవి. ఇంట్లో బోరు నీళ్లు. క్రిములను చంపే యూవీ లైటుతో వచ్చే పెద్ద క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట పెట్టే ఫిల్టర్ డబ్బా) ఒక్కటి పెట్టుకుంటే చాలని, వారంలో చేపలు వదిలేయొచ్చని షాపతను చెప్పాడు. అది కొనాలా, లేక సంప్, అంటే ట్యాంకు కింద ఇంకో చిన్న తొట్టి, చేయించాలా అని నీ ప్రశ్న.

క్యానిస్టర్ కొనొద్దు. అది చెడ్డదని కాదు, నీ డబ్బు ముందు పోవాల్సిన చోటు అది కాదు. ముందు నీళ్లు, తర్వాత రాళ్లు, ఆ తర్వాత స్కిమ్మర్ (నురుగుతో మురికిని తీసే పరికరం). నేను అనంతపురంలో 2013 నుంచి ఉప్పునీటి ట్యాంకు నడుపుతున్నాను. మొదటి రెండేళ్లూ ఈ వరుసకు సరిగ్గా ఉల్టాగా పోయాను.

గప్పీలు, గోల్డ్ ఫిష్‌లు పెంచిన అలవాటుతో ఫిల్టర్ అంటే స్పాంజి ఉన్న ఒక పెట్టె అనుకుంటాం. చేప అమ్మోనియాను ఎక్కువగా మొప్పల్లోంచే వదులుతుంది. మిగిలిన మేత కుళ్లినా అదే వస్తుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మంచినీటి ట్యాంకులోనూ జరిగేది ఇదే. తేడా పీహెచ్ దగ్గర వస్తుంది. పీహెచ్ 7 ఉన్న నీళ్లలో మొత్తం అమ్మోనియాలో విషంగా ఉండే రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర, మన వేడికి, అది ఆరేడు వంతులవుతుంది. గప్పీల ట్యాంకులో ఎవరూ పట్టించుకోని అమ్మోనియా ఇక్కడ చేపను చంపేస్తుంది. పైగా 26 డిగ్రీల దగ్గర మంచినీళ్లలో లీటరుకు 8 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరిగితే, ఉప్పునీళ్లలో ఆరున్నర దగ్గరే ఆగిపోతుంది. చేపకూ గాలి కావాలి, ఆ బ్యాక్టీరియాకూ కావాలి.

క్యానిస్టర్‌తో నా గొడవ ఇక్కడే. అది మూత బిగించిన డబ్బా. కరెంటు పోయి మూడు నాలుగు గంటలు రాకపోతే లోపలి బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుంటుంది, ఆ తర్వాత అది చావనూ వచ్చు. కరెంటు రాగానే ఆ కుళ్లునీళ్లు మొత్తం ఒక్కసారిగా ట్యాంకులోకి కొట్టుకొస్తాయి. రెండోది, లోపల చిక్కుకున్న మురికి కంటికి కనపడదు. వారానికోసారి విప్పి కడిగేవాడికి క్యానిస్టర్ బాగానే పనిచేస్తుంది. నేనైతే అలా కడిగేవాణ్ని ఇంతవరకూ చూడలేదు, నన్ను కలుపుకుని. ఫిల్టర్‌లో బ్యాక్టీరియా అతుక్కోవడానికి వేసే ప్లాస్టిక్ బంతులను, అంటే బయో బాల్స్‌ను, నైట్రేట్ ఫ్యాక్టరీ అంటారు గానీ పాపం వాటి తప్పేం లేదు, వాటి సందుల్లో చేరే చెత్తదే తప్పు. యూవీ సంగతి ఏడాది తర్వాత చూద్దాం.

ఇక నీళ్లు. మన సీమ బోర్ల గురించి నీకు చెప్పేదేముంది, కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర చూస్తూనే ఉంటావు. మా అనంతపురం వైపు ఫ్లోరైడ్ కూడా తోడు. మా ఇంటి బోరు టీడీఎస్ మీటర్‌లో (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) 1100 చూపించింది. ఆ నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపితే ఉప్పు ప్యాకెట్ మీద రాసిన లెక్కలేవీ పనికిరావు. క్యాల్షియం ఒకచోట, క్షారత ఇంకోచోట పోతాయి. బోరులో నైట్రేట్, సిలికేట్ ఉంటే మొదటి నెలలోనే గోధుమరంగు పాచి గాజుకు, రాళ్లకు దుప్పటి కప్పినట్టు పడుతుంది. అప్పుడు ఫిల్టర్ బాగలేదనుకుని ఇంకో ఫిల్టర్ కొంటాం. నేను కొన్నాను.

ఆర్‌ఓ నీళ్లు కావాలి, ఆ తర్వాత మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్ గొట్టం ఉండాలి. చివర మీటర్‌లో 0 కనపడాలి. ఇంట్లో తాగే ప్యూరిఫయర్ ఉంటే దాన్నే వాడుకోవచ్చు, కానీ దాంట్లో రెండు మెలికలున్నాయి. ఒకటి టీడీఎస్ సర్దే చిన్న స్క్రూ. రుచి కోసం కొంచెం బోరు నీళ్లను శుద్ధమైన నీళ్లలోకి కలుపుతుంది, దాన్ని పూర్తిగా మూసెయ్యాలి. రెండోది చివర్లో ఉండే మినరల్ గొట్టం. దానికి ముందే పైపు తీసి డీఐ గొట్టానికి కలపాలి. మెకానిక్‌కు పది నిమిషాల పని. ఇవేవీ లేకుండా ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాన్లతో నింపేద్దామనుకుంటే, ఒక్కో ప్లాంటు నీళ్లు ఒక్కో తీరుగా ఉంటాయి. ఒకే ప్లాంటు క్యాన్లు వారం తేడాతో 40, 130 చూపించడం నా కళ్లతో చూశాను. ముందు టీడీఎస్ మీటర్ కొను. అన్నిటికంటే చవకైంది, అన్నిటికంటే ఎక్కువ నిజం చెప్పేది అదే.

నెల్లూరు తీరం నుంచి డ్రమ్ముల్లో సముద్రపు నీళ్లు తెప్పించుకుందామని చాలామందికి ఆశ పుడుతుంది. ఒడ్డు దగ్గరి నీళ్లలో ఉప్పు నిలకడగా ఉండదు. వానలు పడితే మన పెన్నమ్మే ఊరూరి మురికిని మోసుకుపోయి అక్కడ కలుపుతుంది. వద్దు. కిరాణా కొట్టు ఉప్పు, గల్లుప్పు, మంచినీటి చేపలకు అమ్మే అక్వేరియం సాల్ట్ కూడా వద్దు. మెరైన్ సాల్ట్ అని ప్రత్యేకంగా అమ్మేదే కావాలి. లీటరుకు దాదాపు 36 గ్రాములు పడుతుంది. నీ ట్యాంకులో రాళ్లు పోగా 150 లీటర్లు, కింద సంప్‌లో 30 లీటర్లు అనుకుంటే ఆరున్నర కిలోలు. ఆహార పదార్థాలు తప్ప ఇంకేమీ నింపని డ్రమ్ములో నీళ్లు పోసి, చిన్న పంపు వేసి, ఉప్పు కొద్దికొద్దిగా కలిపి ఒక రాత్రి తిరగనివ్వు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025 రావాలి. ఆ రిఫ్రాక్టోమీటర్‌ను మంచినీళ్లతో కాకుండా 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకో.

అసలు ఫిల్టర్ అంటే రాళ్లే. బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు, గరుకైన చోట అతుక్కుని బతుకుతుంది. సన్నటి రంధ్రాలున్న రాయి గుప్పెడంత ఉన్నా లోపల దానికి ఊరంత చోటు. విదేశీ వీడియోలన్నీ సముద్రం నుంచి తెచ్చిన లైవ్ రాక్, అంటే బ్యాక్టీరియా పట్టి ఉన్న పగడపు రాయి, పెట్టమంటాయి. మన దగ్గర ఆ దారి పట్టొద్దు. పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. చచ్చి ఎండిన పగడపు రాయి అయినా అమ్మడం, కొనడం నేరమే. ఎవరైనా చాటుగా తెచ్చిస్తానంటే దండం పెట్టి వచ్చెయ్. అక్వేరియం కోసం చేసిన సిరామిక్ రాళ్లు దొరుకుతాయి, 12 నుంచి 15 కిలోలు చాలు. రాళ్లకు పుట్టినిల్లు లాంటి ఊళ్లో ఉండి రాయి కొనడమేంటని మీ ఇంట్లో నవ్వుతారేమో. కడప బండ మెట్లకు, వంటగట్టుకు భేషుగ్గా ఉంటుంది గానీ అది బిగుతు రాయి, దాంట్లో బ్యాక్టీరియా దూరే సందు లేదు. పెన్న ఇసుక కూడా వద్దు. ఆరగోనైట్ (ఒక రకం సున్నపు) ఇసుక రెండు సెంటీమీటర్ల మందాన పరిస్తే సరిపోతుంది, అడుగు ఖాళీగా వదిలేసినా తప్పులేదు.

రాళ్లను గోడ కట్టినట్టు వెనక అద్దానికి ఆనించి పేర్చొద్దు. వెనక నీళ్లు కదలక చెత్త అక్కడే కుళ్లుతుంది. రెండు గుట్టలుగా, మధ్యలో చెయ్యి దూరేంత సందుతో, అద్దానికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టు. రాళ్ల మీదుగా నీళ్లు పోతేనే బ్యాక్టీరియాకు తిండీ గాలీ అందుతాయి. అందుకు నీళ్లను తిప్పే చిన్న పంపులు, వేవ్ మేకర్లు, రెండు కావాలి. రెండూ కలిపి గంటకు 2000 నుంచి 3000 లీటర్లు తిప్పితే చాలు. ఒకదాన్ని నీటి పైపొర అలలు లేచేలా తిప్పిపెట్టు, ఆక్సిజన్ చేరే దారి అదే.

స్కిమ్మర్ గురించి చాలామంది భయపెడతారు. పప్పు పొంగేటప్పుడు పైన నురుగు కడితే గరిటెతో తీసి పారేస్తాం కదా, అది చేసేది అంతే. సన్నటి గాలి బుడగలను నీళ్లలోంచి పంపితే ప్రొటీన్లు, జిడ్డు వాటికి అంటుకుని పైకి లేచి కప్పులో పడతాయి. ఉప్పునీళ్లలో బుడగలు సన్నగా, విడివిడిగా ఉంటాయి కాబట్టి బాగా పనిచేస్తుంది, మంచినీళ్లలో దాదాపు పనిచేయదు. బ్యాక్టీరియా అయితే అమ్మోనియా పుట్టాకే పని మొదలుపెడుతుంది. స్కిమ్మర్ ఆ చెత్త కుళ్లకముందే బయటికి తీసేస్తుంది, నీళ్లలోకి గాలీ పంపుతుంది. డబ్బా మీద 300 లీటర్ల ట్యాంకుకు అని రాసి ఉన్నది నీకు సరిపోతుంది. కొత్తది మొదటి పది పదిహేను రోజులు పిచ్చిపట్టినట్టు పొంగుతుంది, లేకపోతే అసలు నురుగే కట్టదు. పాడైందని షాపుకు పట్టుకుపోవద్దు, లోపలి ప్లాస్టిక్‌కు జిడ్డు పట్టేదాకా అంతే. దారికొచ్చాక కప్పులో డికాక్షన్ రంగు నీళ్లు చేరతాయి. ఆ వాసన ఒక్కసారి చూస్తే ఇదంతా చేపలు పీల్చే నీళ్లలో ఉండేదా అనిపిస్తుంది.

ఇప్పుడు సంప్. ట్యాంకు కింద స్టాండులో ఇంకో చిన్న గాజు తొట్టి పెట్టి, పైనుంచి నీళ్లు దానిలోకి దిగి, పంపుతో మళ్లీ పైకి ఎక్కడం. అడిగావు కాబట్టి చెప్తున్నా, చేయించుకోగలిగితే చేయించుకో. ట్యాంకు ఇంకా చేయించలేదు కాబట్టి గాజుకు బొక్క వేయించడం ఇప్పుడే తేలిక. ఏ అద్దానికి బొక్క పెడుతున్నారో అది టఫెన్డ్ గాజు కాకూడదు, డ్రిల్ పెడితే మొత్తం ముక్కలవుతుంది. అద్దం మీద వేలాడదీసే సైఫన్ పెట్టెలు అమ్ముతారు, వాటి జోలికి పోవద్దు. కరెంటు పోయి వచ్చాక సైఫన్ తిరిగి పట్టకపోతే, కింది పంపు మాత్రం పైకి తోస్తూనే ఉంటుంది.

ఇక్కడ నా కథ కొంచెం చెప్పాలి. 2014 మే నెల, రాత్రి రెండు గంటలకు కరెంటు పోయింది. పైకి నీళ్లు తెచ్చే పైపు మూతి నీటిమట్టానికి ఐదు సెంటీమీటర్ల లోతున పెట్టుకున్నాను, చప్పుడు రాకుండా ఉంటుందని. పంపు ఆగగానే అదే పైపు సైఫన్ అయి నీళ్లను వెనక్కి లాగింది. నాది కూడా నీ కొలతల ట్యాంకే. 91 సెంటీమీటర్లు, 46 సెంటీమీటర్లు గుణించి చూడు: మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే నాలుగు లీటర్లకు పైనే. ఐదు సెంటీమీటర్లు దిగితే 21 లీటర్లు. నా సంప్‌లో ఖాళీ పన్నెండు లీటర్లు. మిగిలిన తొమ్మిది లీటర్ల ఉప్పునీళ్లు పార్టికల్ బోర్డు స్టాండులోకి ఇంకి, పొద్దున్నకు దాని అడుగు చపాతీ పొంగినట్టు పొంగింది. నేను నిద్రలేచింది మా ఆవిడ కాలు తడిసి పెట్టిన కేకకు.

కాబట్టి పైపు మూతి నీటిమట్టానికి ఒకటి రెండు సెంటీమీటర్ల కంటే లోతుకు పోకూడదు. పైపుకు చిన్న బొక్క వేసి గాలి పీల్చేలా చేస్తారు, మంచిదే, కానీ పాచి, ఉప్పు కట్టి అది మూసుకుపోతుంది. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. సంప్ రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు చేయించి, అందులో నీళ్లు 20 సెంటీమీటర్లకు మించకుండా నడుపు. పైన 30 లీటర్ల పైచిలుకు ఖాళీ ఉంటుంది. చేపలు వేయకముందు ఐదారుసార్లు స్విచ్ ఆపి, నీళ్లు ఎక్కడిదాకా లేస్తున్నాయో మార్కర్‌తో గీత పెట్టుకో. సంప్‌లో మూడు గదులు: నీళ్లు దిగే చోట మురికి పట్టే గుడ్డ సంచి, మధ్యలో స్కిమ్మర్, చివర పంపు. మధ్య గదిలో మట్టం ఎప్పుడూ మారకుండా అడ్డుగాజు పెట్టించు, మట్టం మారితే స్కిమ్మర్ తిక్కతిక్కగా చేస్తుంది. పంపు మీద రాసిన లెక్క నేల మట్టానిది, మీటరుకు పైగా ఎత్తు ఎక్కించాలంటే అందులో సగం కూడా రాకపోవచ్చు. పైకి గంటకు 600 నుంచి 900 లీటర్లు చేరితే చాలు.

సంప్ పెట్టే వీలు లేకపోతే దిగులుపడొద్దు. అద్దానికి తగిలించే స్కిమ్మర్ ఒకటి, ఆ రాళ్లు, ఆ వేవ్ మేకర్లు. రెండు క్లౌన్లకు ధారాళంగా సరిపోతుంది.

మన ఎండ సంగతి. కడప ఏప్రిల్, మేలలో బయట 42 ఉంటే ఇంట్లో నీళ్లు ఊరికే 31, 32 ఎక్కుతాయి. 28 దాటనివ్వకూడదు. చిల్లర్ కొనేముందు చిన్న ఫ్యాన్ ఒకటి సంప్ నీటి మీదికి తిప్పిపెట్టి చూడు. మన గాలి పొడి గాలి, కుండలో నీళ్లు చల్లబడినట్టే రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. కానీ నీళ్లు ఎగిరిపోతాయి, ఉప్పు మాత్రం ఎగిరిపోదు. నా ట్యాంకులో వేసవిలో ఫ్యాన్ పెడితే రోజుకు నాలుగు లీటర్లు పోతాయి. పెళ్లికని మూడు రోజులు ఊరికి పోయొస్తే 12 లీటర్లు తగ్గి, 35 ఉండాల్సిన ఉప్పు 37.5కు చేరుతుంది. తగ్గినంతా ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లతోనే నింపాలి. ఉప్పునీళ్లు పోశావంటే ఉప్పు ఇంకా పెరుగుతుంది, కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. ఫ్లోట్‌తో తనంతట తనే నింపుకునే పరికరం ఉంటుంది, వేసవి రాకముందే పెట్టుకో.

ఇన్వర్టర్ ఉందన్నావు. స్కిమ్మర్‌ను, లైట్లను దాని మీద పెట్టకుండా ఒక వేవ్ మేకర్, పైకి తోసే పంపు మాత్రమే పెట్టు. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే మోటార్లకు నయం. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి అల్మరాలో పడుండనీ. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా చూసుకో, నీటిచుక్క వైరు వెంట జారి సాకెట్‌లోకి పోకుండా. ఉప్పునీళ్లతో కరెంటు ఆటలు కాదు, ఆ లైనుకు ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) వేయించు.

వారంలో చేపలన్నారు కదా, ఆ మాట మర్చిపో. రాళ్లలో బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, దానికి తిండిగా ముందు అమ్మోనియా కావాలి. నేను మొదటిసారి మార్కెట్లో ఐసులో పెట్టిన నెల్లూరు రొయ్య ఒకటి తెచ్చి, పాత సాక్సులో కట్టి ట్యాంకులో వేశాను. పనిచేసింది, కానీ నాలుగో రోజుకు హాల్లో ఎవరూ కూర్చోలేదు. ఇప్పుడైతే అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాను 2 పీపీఎం (పది లక్షలకు 2 వంతులు) దాకా పెంచుతాను. సీసాలో అమ్మే బ్యాక్టీరియా వేస్తే కొన్ని రోజులు కలిసొస్తాయి, అద్భుతాలేం జరగవు. టెస్ట్ కిట్ గొట్టంలో అమ్మోనియా రంగు ఆకుపచ్చ నుంచి పసుపుకు దిగుతుంది, ఆ తర్వాత నైట్రైట్ ఎక్కి దిగుతుంది. పసుపురంగు ట్యూబ్‌లైటు కింద చూస్తే మోసపోతావు, పొద్దున పూట కిటికీ దగ్గర తెల్ల కాగితం మీద పెట్టి చూడు. 2 పీపీఎం వేసిన 24 గంటల్లో రెండూ సున్నా అయితే ట్యాంకు సిద్ధమైనట్టు. అప్పుడు కొన్ని నీళ్లు మార్చి, రెండు క్లౌన్లు మాత్రమే వదులు. సముద్రంలో పట్టినవి కాకుండా ట్యాంకులో పుట్టినవి అడుగు, మేతకు తొందరగా అలవాటు పడతాయి. మూడోది కనీసం నెల తర్వాతే.

తర్వాత నీ పని పెద్దగా ఉండదు. గుడ్డ సంచి మూడు నాలుగు రోజులకోసారి మార్చు. స్కిమ్మర్ కప్పు రెండు రోజులకోసారి కడుగు. వారానికి పదో వంతు నీళ్లు తీసి కొత్తవి పోస్తే నైట్రేట్ అదుపులో ఉంటుంది. రాళ్లనూ స్పాంజినీ ఎప్పుడూ బోరు కొళాయి కింద కడగొద్దు, తీసిపారేసే ఉప్పునీళ్లలోనే జాడించు. చేపకు జబ్బు చేస్తే రాగి మందును ఈ ట్యాంకులో పోయొద్దు. రాళ్లు దాన్ని పీల్చుకుంటాయి, తర్వాత నత్తనో రొయ్యనో వేసినప్పుడు బయటికొచ్చి వాటిని చంపుతుంది. జబ్బు చేపకు వేరే చిన్న తొట్టి చూడు.

అన్నట్టు, నీళ్లు, రాళ్లు, గాజు, స్టాండు అన్నీ కలిపి మూడు వందల కిలోలు దాటుతుంది. స్లాబు మధ్యలో కాకుండా గోడవారగా, దూలం ఉన్న వైపు పెట్టు.

ట్యాంకు ఆర్డర్ ఇవ్వకముందు రెండు పనులు చెయ్యి. మీ బోరు నీళ్లు, ప్యూరిఫయర్ నీళ్లు రెండింటి టీడీఎస్ కొలిచి ఇక్కడే రాయి. స్టాండు లోపలి కొలతలు, తలుపు వెడల్పు కూడా పెట్టు. సంప్‌లో అడ్డుగాజులు ఎంత ఎత్తున రావాలో లెక్కేసి చెప్తాను.